సగానికి ఆగిన పంజరం

ఈ కుర్చీలో ఏదో మతలబు ఉంది. లేకపోతే హాల్లో అన్ని కుర్చీలు ఖాళీగా ఉండగా ఆ నర్సు పిల్ల తనను సరిగ్గా దీంట్లోనే, డాక్టరమ్మ గది తలుపుకు ఎదురుగా, తలుపు తెరుచుకున్న ప్రతిసారీ లోపలివాళ్లకు కనపడేలా ఎందుకు కూర్చోబెడుతుంది? పైగా "ఎంబా, ఇక్కడ కూర్చోండి" అంది. ఎంబా అట, తాత! ఈ సూదులు మొదలుకాక ముందు జావాలోని ఈ సోలో ఊళ్లో దర్సోనోను తాత అని పిలిచిన మొహం ఒక్కటి చూపించమనండి. పక్షుల సంతలో మీసం మొలవని కుర్రాళ్లు కూడా అయ్యగారూ అన్నట్టు "పా, మీ గువ్వది గొంతంటే గొంతు పా" అంటూ వెంట తిరిగేవాళ్లు. ఇప్పుడు ఈ పిల్ల ఒక్క మాటతో ముసలాణ్ణి చేసి కూర్చోబెట్టింది, అదీ ఏసీ గాలి తిన్నగా మెడ మీద పడే చోట. అసలే ఒంట్లో గాలి దూరిన మనిషి. పక్క కుర్చీలో భార్య చేతిసంచిని ఒళ్లో పెట్టుకుని రెండు చేతులా పట్టుకుంది. ఏముంది అందులో? అరటిపండు, నీళ్లసీసా, చిన్న తువ్వాలు. అంత గట్టిగా పట్టుకోవాల్సిన బంగారం ఏమీ లేదే. అడిగితే "ఏం లేదు పాక్‌నె" అంటుంది. కూతురు రెత్నో పుట్టిన నాటి నుంచి ఆమెకు అతను పాక్‌నె, పిల్లదాని తండ్రి. అతనికి ఆమె బూనె, పిల్లదాని తల్లి. ఒకరి పేరు ఒకరి నోట్లో పలికి ఎన్నేళ్లయిందో ఇద్దరికీ గుర్తులేదు. "ఏం లేదు" అనే మాట ఈ మధ్య బూనె నోట మరీ ఎక్కువగా వినబడుతోంది. ఏం లేనప్పుడు మనుషులు అన్నిసార్లు ఏం లేదని చెప్పరు.

పిలుపు ఇంకా రాలేదు. రానీ, తొందరేముంది, ఈ రోజు సూది వేయించుకోకూడదని లోపల ఎప్పుడో నిర్ణయం అయిపోయింది. మూడు నెలలకోసారి పొట్ట మీద చర్మం పట్టి పొడిచే ఆ సూది ప్రోస్టేట్ గ్రంథిలో క్యాన్సరును ఆకలితో మాడుస్తుందట. దానికి కూడూ నీళ్లూ మగతనపు హార్మోనేనట. ఆ హార్మోనును తెగ్గొడితే అది చచ్చుబడి పడి ఉంటుందట. డాక్టరమ్మ లారస్ మొదటిరోజు ఎంత తియ్యగా చెప్పింది! రెత్నో కంటే చిన్నది, ముఖం మీద మొటిమ ఇంకా ఆరలేదు. మాడింది అదొక్కటేనా? తొడలు వదులైపోయాయి, పొట్ట ముందుకొచ్చింది, ఛాతీ మీద చెప్పుకోవడానికి సిగ్గేసే చోట సలుపు. ఇక మంటలు! ఉన్నట్టుండి మెడ వెనక నుంచి ఎవరో కుంపటి దించినట్టు వేడి ఎక్కుతుంది, చొక్కా తడిసి ముద్దవుతుంది, మరుక్షణం వణుకు. మొదటిసారి వచ్చినప్పుడు విషం ఎక్కిందనుకుని బూనెను లేపాడు. ఆ మహాతల్లి కంగారుపడుతుందనుకుంటే మంచం మీద లేచి కూర్చుని నవ్వింది. "ఇప్పుడు తెలిసిందా పాక్‌నె? నాకు ముట్లు ఆగినప్పుడు ఇలాగే కాలిపోతుంటే నువ్వేం చేశావు? ఫ్యాను నీవైపు తిప్పుకుని పడుకున్నావు." అంటూనే ఫ్యాను అతనివైపు తిప్పింది. ఆ నవ్వులో ఎగతాళి ఎంత, జాలి ఎంత అని ఆ తర్వాత చాలా రోజులు లెక్క తేలక మథనపడ్డాడు. మనిషిని నమ్మాలంటే నవ్వు ఏ రకమో తెలియాలి కదా.

నమ్మకపోవడానికి అదే మొదలు కాదు. మొదలు ఆ డాక్టరమ్మే. రోగం ఎక్కడ? కింద. ఆమె మాట్లాడింది దేని గురించి? పైన. గుండె. మొదటిరోజే గుండె గురించి అడగడం మొదలుపెట్టింది: ఆయాసం వస్తుందా, ఛాతీ బిగుస్తుందా, మీ నాన్నగారు ఎలా పోయారు, సిగరెట్లు ఎన్ని, చక్కెర పరీక్ష ఎప్పుడు. కింద పైపు పగిలిందని మేస్త్రీని పిలిస్తే వాడు నేరుగా అటక ఎక్కి చూస్తే ఏమనుకుంటాం? అటక మీద కూడా ఏదో ఉందనే అనుకుంటాం. దర్సోనో అలాగే అనుకున్నాడు. రోగం పైకి ఎక్కుతోంది, వీళ్లకు తెలుసు, తనకు చెప్పడం లేదు. చెప్పరు కూడా. ఈ ఊళ్లో ఎవరు చెప్పారు గనుక? బూనె పెద్దన్నకు కాలేయంలో గడ్డ పెరిగి పొట్ట కుండలా అయినా, పోయే రోజు దాకా అందరూ కలిసి అజీర్తి అనే చెప్పారు. తను కూడా చెప్పాడు. మంచం పక్కన కూర్చుని, అరచేయి నిమురుతూ, ఎంత చక్కగా బుకాయించాడు! అలా బుకాయించేటప్పుడు మనిషి ముఖం ఎలా ఉంటుందో తనకు తెలియదా? ఈ నెలల్లో ఇంట్లో అందరి ముఖాలూ అలాగే ఉన్నాయి. ముందు తియ్యటి టీ పోయింది, చేదు టీ వచ్చింది. లవంగం సిగరెట్ల పెట్టె మాయమైంది. వేయించిన గొడ్డు తోలు, కొబ్బరిపాల అన్నం కంటికి కరువయ్యాయి. రెత్నో వచ్చినప్పుడల్లా వంటింట్లో తల్లీ కూతుళ్లు చెవులు కొరుక్కుంటారు, తను గడపలో అడుగుపెట్టగానే "చేపలు ఎంత ప్రియమైపోయాయో" అని గొంతు పెంచుతారు. చేపల ధర గుసగుసలాడాల్సినంత రహస్యమా?

పోయినసారి కళ్లారా చూశాడు. సూది అయ్యాక తనను బయట కూర్చోబెట్టి బూనె మళ్లీ లోపలికి దూరింది, గొడుగు మరిచిపోయానని. ఆ రోజు వాన లేదు. తలుపుకున్న అద్దం ముక్కలోంచి చూశాడు. బూనె డాక్టరమ్మ ముందు నిలబడి చేయి పొట్ట దగ్గర పెట్టి మెల్లగా పైకి తీసుకొచ్చింది, ఛాతీ దగ్గర ఆపింది. ఆపి తల అడ్డంగా ఊపింది. డాక్టరమ్మ ముఖం చిన్నబోయింది. ఇంకేం కావాలి? ఎక్కడ మొదలైంది, ఎక్కడిదాకా ఎక్కింది, అంతా ఆ చేతిలోనే ఉంది. తిరిగి బయటికొచ్చినప్పుడు బూనె చేతిలో గొడుగు లేదు. కాసేపటికి డాక్టరమ్మ పిలిచి "పా, పంజరం ఎత్తేటప్పుడు ఛాతీలో ఏమైనా..." అని మొదలుపెట్టింది. పంజరం సంగతి ఈమెకెందుకు? "అబ్బే, ఏం లేదు డాక్టరమ్మా" అన్నాడు. ఆ మాట అంత గట్టిగా తన నోటి నుంచీ వచ్చింది. ఈసీజీ తీయించుకోమని కిందికి పంపితే, వరుస చాలా ఉంది, మూత్రం ఆగట్లేదని చెప్పి, బూనె చేయి పట్టుకుని నేరుగా ఇంటికి లాక్కొచ్చాడు.

ఎందుకంటే ఛాతీ బిగుస్తోంది. ఆ మాట ఈ ప్రపంచంలో ఎవరికీ చెప్పలేదు, మనసులో అనుకోవడానికి కూడా అటూ ఇటూ చూసి అనుకుంటాడు. చెప్పాడంటే, అదుగో ఎక్కిందని వాళ్లు చేతులెత్తేస్తారు. చెప్పకపోతే ఎక్కినట్టు కాదు. పెర్కుతుత్ గువ్వను ఉదయం ఎండ పొడ తగలగానే పంజరంతో సహా పొడుగాటి గడకొయ్య చివరికి ఎక్కించాలి, తాడు లాగితే గిలక కీచుమంటుంది, పంజరం పెంకుల మీదుగా, జామచెట్టు మీదుగా పైకి పోతుంది, అక్కడ గాలికి కళ్లు మూసుకుని గువ్వ కూత మొదలుపెడుతుంది. ఆ కూత వింటూ తియ్యటి టీ తాగని రోజు దర్సోనోకు బతుకులో లేదు. ఈ ఏడాది వరికోతలు మొదలుకాక ముందు ఒక ఉదయం తాడు సగం లాగాక రొమ్ము మధ్యలో ఎవరో మోకాలు పెట్టి నొక్కినట్టయింది. ఎడమ భుజం దాకా లాగింది, దవడ బిగిసింది. తాడు అక్కడే కొయ్యకు చుట్టి కూర్చున్నాడు, కాసేపటికి పోయింది. మరునాడు మళ్లీ. ఆ తర్వాత సగం దగ్గరే ఆపడం అలవాటైంది. ఎదురింటి మార్నో నడుం మీద చేతులు పెట్టుకుని పైకి చూసి, "ఏం పా, మీ గువ్వకు కళ్లు తిరుగుతున్నాయా, సగంలో దిగిపోయింది?" అన్నాడు. "గాలి అక్కడే బాగుంది" అని గదమాయించాడు. గువ్వ మాత్రం సగం ఎత్తులో కూయలేదు. పెంకుల మీద పిల్లి వంక చూస్తూ ముడుచుకుని కూర్చుంది. పిట్ట కూడా తనను అనుమానిస్తోందని ఆ రోజు ఎంత ఏడుపొచ్చిందో! ఈ సూదుల తర్వాత ఏడుపు కూడా చెప్పకుండా వస్తుంది, అదొకటి.

అదే వీధిలోని స్నేహితుడు తుకిమిన్ ఉంటే ఏమనేవాడో. తుకిమిన్ పంజరం ఎప్పుడూ కొయ్య చివరే ఉండేది, తనకంటే మూరెడు ఎత్తులో, కావాలనే. అతనిదీ ఇదే రోగం, ఇదే హాలు, ఇదే సూది. అదుగో ఆ కిటికీ పక్కన కూర్చునేవాడు. "దర్సో, మనిద్దరినీ వట్టలు తీసిన పుంజుల్లా చేసేస్తున్నారు రా, ఇక కూత లేదు" అని పడి పడి నవ్వేవాడు. ఒక ఉదయం అరుగు మీద టీ ముందు పెట్టుకుని, ఒంట్లో గాలి దూరింది, రాగిబిళ్లతో వీపు గీయండి అన్నాడు. గీస్తుండగానే ఒరిగిపోయాడు. కూర్చున్న చోట ప్రాణం పోతే ఇక్కడ దానికొక పేరుంది, అంగిన్ దుదుక్, కూర్చున్న గాలి. మసీదులో అలాగే అన్నారు, పాతిపెట్టేచోట అలాగే అన్నారు. దర్సోనో ఒక్కడే తల ఊపలేదు. గాలి అందరికీ దూరుతుంది, సూది తీసుకున్నవాడే ఎందుకు చావాలి? ఆ సూదిలోనే ఏదో ఉంది. రోగం పైకి ఎక్కుతోందని ఒక అనుమానం, సూది చంపుతోందని ఇంకొకటి, రెండూ ఒకదానికొకటి పొసగవని తెలుసు, అయినా రెండింటినీ చెరో చంకన పెట్టుకుని మోస్తున్నాడు. ఒక్క గాలిని మాత్రం అనుమానించలేదు. గాలి దూరుతుంది, రాగిబిళ్లతో గీస్తే బయటికి పోతుంది. అమ్మ చెప్పింది, అమ్మకు వాళ్లమ్మ చెప్పింది.

ఆ రోజు తుకిమిన్ వీపు గీసింది బూనే. వీధిలో ఆమెలా గీసేవాళ్లు లేరు. డచ్చివాళ్ల కాలం నాటి రాగిబిళ్ల ఒకటి ఆమెకు తల్లి నుంచి వచ్చింది, అంచులు అరిగి నున్నగా ఉంటుంది. ఘాటు నూనె రాసి, వెన్నెముకకు అటూ ఇటూ చేపముల్లులాగా చారలు గీస్తే వీపు ఎర్రబారుతుంది, ఎంత ఎర్రబారితే అంత గాలి పోయినట్టు. వీధి వీధంతా ఆమె చేతికోసం వచ్చేది. తుకిమిన్ పోయాక బూనె ఎవరి వీపూ ముట్టుకోలేదు. మణికట్టు నొప్పి అంటుంది. బకెట్లతో నీళ్లు మోసేటప్పుడు లేని నొప్పి బిళ్ల పట్టుకోవడానికి వచ్చిందా అని దర్సోనో గమనిస్తూనే ఉన్నాడు. నిన్న సాయంత్రం, నల్లా దగ్గర వంగి లేచేసరికి మళ్లీ ఆ మోకాలు వచ్చి రొమ్ము మీద కూర్చుంది. "గాలి దూరింది బూనె, కాస్త గియ్యి" అన్నాడు. మణికట్టు అంటుందనుకున్నాడు, అనలేదు. "గీస్తా. రేపు ఆసుపత్రికి వస్తానంటేనే" అంది. ఎందుకంత పట్టు? వస్తానన్నాడు, వచ్చి సూది వద్దంటే సరిపోతుంది కదా. అప్పుడు గీసింది. అబ్బో, ఏం గీత అది! ఇన్నేళ్లలో అంత గట్టిగా ఎప్పుడూ గీయలేదు, చర్మం ఊడొస్తుందేమో అనిపించింది. "చంపుతావా ఏంటే, మెల్లగా!" అని అరిచాడు. మెడ నుంచి నడుం దాకా ఒక్క జానెడు కూడా వదలకుండా, గీసిన చోటే మళ్లీ గీసింది. మధ్యలో చేయి ఆగింది. వీపు మీద వెచ్చగా ఏదో చుక్క పడింది. నూనె కారింది కాబోలు. పొద్దున్నే లేచేసరికి ఇంకో విడ్డూరం, పంజరం కొయ్య చివర ఉంది. తను ఎక్కించలేదు. మార్నో పని అయి ఉంటుంది, ఎగతాళికి. అంత ఎత్తు నుంచి గువ్వ కూస్తుంటే, ఎన్నాళ్లకో విన్న కూత కూడా దొంగసొమ్ములా అనిపించి లోపలికి వెళ్లిపోయాడు.

"పాక్ దర్సోనో" అని పిలుపు.

ఈ నాలుగడుగులకే రొమ్ములో చిన్నగా పట్టింది, కానీ దాన్ని ముఖంలోకి రానివ్వలేదు. డాక్టరమ్మ లేచి నిలబడి కుర్చీ చూపించింది, ఎలా ఉన్నారు పా అంది. బాగున్నానన్నాడు. ఆయాసం? లేదు. ఛాతీలో? ఏం లేదు. బూనె పక్కన నిలబడి నేలవంక చూస్తోంది. ఇదే అదను, సూది వద్దని చెప్పేయాలి అనుకుని గొంతు సవరించుకునే లోపు డాక్టరమ్మ "ఊపిరితిత్తులు వింటాను, కాస్త చొక్కా ఎత్తండి" అంది. ఎత్తాడు. స్టెతస్కోప్ చల్లగా తగులుతుందని చర్మం ఎదురుచూస్తోంది, తగలలేదు.

"పా," అంది డాక్టరమ్మ, "ఎప్పుడు గీశారు ఇది?"

"నిన్న. ఏదో కాస్త గాలి దూరింది. మీ ఇంట్లో గీసుకోరా ఏంటి?"

"గీసుకుంటాం. మా అమ్మా గీస్తుంది. కానీ ఇంత ఎరుపు నేనెప్పుడూ చూడలేదు. గాలి ఎప్పుడెప్పుడు దూరుతోంది పా?"

"అప్పుడప్పుడు. ఏసీ కింద కూర్చుంటే..."

"పంజరం లాగితే" అంది బూనె. నేలవంక చూస్తూనే అంది. "నల్లా దగ్గర వంగితే. మెట్లెక్కితే. ఇప్పుడు ఆ గుమ్మం దాటితే. కూర్చుంటే పోతుంది. పోయినసారి మీకు చూపించానుగా డాక్టరమ్మా, కొయ్య కింది నుంచి ఇక్కడిదాకా లాగి ఆపేస్తాడు" అని చేయి పొట్ట దగ్గర్నుంచి పైకి తెచ్చి, ఛాతీ దగ్గర ఆపింది. "మీరు అడిగితే లేదన్నాడు. పరీక్షకి పంపితే పారిపోయాడు. ఇవాళ ఎలా పారిపోతాడో చూద్దామని గీశాను. నోటితో లేదంటాడు, వీపుతో ఎలా అంటాడు?"

ఆ చేతిని చూస్తూ ఉండిపోయాడు దర్సోనో. ఇన్నాళ్లూ నిద్రలేకుండా చేసిన చేయి. అది కొలిచింది పంజరాన్నా! ఒక్కసారిగా తేలికైంది, ఆ వెంటనే ఇంకేదో బరువు వచ్చి కూర్చుంది. డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుని నెమ్మదిగా చెబుతోంది: రోగం ఎక్కడికీ ఎక్కలేదు పా, ఉన్నచోటే ఉంది, నెత్తురు పరీక్షలో తగ్గుముఖం పట్టింది. కానీ ఆ హార్మోను తెగ్గొట్టాక కొందరికి కొవ్వు పెరుగుతుంది, చక్కెర పెరుగుతుంది, గుండె నాళాలకు కష్టమవుతుంది, అందుకే మొదటిరోజు నుంచీ గుండె గుండె అని మీ ప్రాణం తీస్తున్నాను. ఈ రోజు సూది వేయను. ముందు ఈసీజీ, ఇక్కడే, ఇప్పుడే. గుండె డాక్టరుతో మాట్లాడి ఏ మందు ఇవ్వాలో చూద్దాం, గుండెకు భారం తక్కువ పడే మందేమైనా ఉందేమో. మీరు మాత్రం మందు మానేస్తాననకండి, నాకు అబద్ధం చెప్పకండి.

అంటే సూది మీద అనుమానం నిజమే. పూర్తిగా తప్పు కాదు. గెలిచినట్టు ఛాతీ విరుచుకోవాల్సిన మాట, విరుచుకోబోయాడు కూడా. తుకిమిన్ సంగతేంటి మరి, వాడికెందుకు చెప్పలేదు, అని పొద్దుట్నుంచి నాలుక చివర పెట్టుకున్న ప్రశ్న బయటికి రాబోయింది. అప్పుడు బూనె ముఖం చూశాడు. ఆమె చేతిసంచిని ఇందాకటిలాగే పట్టుకుని ఉంది, సంచి గుడ్డ మీదుగా గుండ్రంగా, నాణెం అంత ఏదో వేలి కింద నొక్కుకుపోతోంది. ఆమెకు ఈ మాట ఇప్పుడు కొత్త కాదు. తుకిమిన్ తన చేతి కింద ఒరిగిన రోజు నుంచీ తెలుసు, ఎవరూ చెప్పకుండానే తెలుసు, మణికట్టు నొప్పి అని వీధికి చెప్పి ఒక్కతే మోస్తూ ఉంది. ఆ చేత్తోనే నిన్న మళ్లీ బిళ్ల పట్టింది. ఈ వీపు కూడా ఒరుగుతుందేమోనని భయపడుతూ, తెల్లారేదాకా ఆగితే చాలు డాక్టరమ్మ చూస్తుందని చారలు గీసింది. నిన్న వీపు మీద పడిన చుక్క నూనె కాదు. నూనె అంత వెచ్చగా ఉండదు. ఇంత మందిని, ఇన్నిటిని అనుమానించిన బుర్రకు ఆ చుక్క మీద అనుమానం ఎందుకు రాలేదో.

నర్సు పిల్ల బల్ల మీద పడుకోబెట్టి ఛాతీ మీద, మణికట్లకు, చీలమండలకు చల్లటి తీగలు తగిలించింది. "ఊపిరి మామూలుగా తీసుకోండి ఎంబా" అంది. ఈసారి కోపం రాలేదు. యంత్రంలోంచి కాగితం కరకరమంటూ వస్తోంది, డాక్టరమ్మ దాన్ని చూస్తోంది, ఆ ముఖంలో ఏముందో చదవడానికి అలవాటు కొద్దీ మెడ లేవబోయింది, మళ్లీ దిండు మీద వాల్చేశాడు.

"బూనె, పొద్దున పంజరం ఎక్కించింది నువ్వేనా?"

"నేనే. ఎంత బరువుందయ్యా అది! నాకే ఆయాసం వచ్చింది."

"సూది వేసుకోను అనుకుని వచ్చాను" అన్నాడు.

"తెలుసు."

తెలుసట. ఏ మొగుడి మీదైనా ఇంత కాపలా ఉంటుందా? ఆమె వైపు చేయి చాచాడు, తీగ లాగింది, నర్సు కదలొద్దంది. చేయి అలాగే గాల్లో ఆగిపోతే బూనె దగ్గరికొచ్చి పట్టుకుంది, సంచిలోంచి ఎప్పుడు తీసిందో, ఆమె అరచేతిలో రాగిబిళ్ల ఇద్దరి మధ్యా వెచ్చగా తగిలింది.

"డాక్టరమ్మా," అని పిలిచాడు దర్సోనో, పైకప్పు వంక చూస్తూ. "నేను చెప్పినవి కొట్టేయండి. నొప్పి ఉంది. కోతల ముందు నుంచీ ఉంది. ఇప్పుడు కూడా ఉంది. ఎక్కడో చూపిస్తాను, రండి."